అనుమానం వచ్చినా మీ నాన్నగారు కుర్చీలోంచి ఎందుకు లేవలేకపోయారు?

అమ్మా, ముందు మీ సంగతి క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. మీ నాన్నగారు రాజమండ్రిలో ఒంటరిగా ఉంటున్నారు. ముప్పై ఆరేళ్ళు ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ‘మీ ఆధార్ మీద మనీ లాండరింగ్ కేసు ఉంది’ అంటూ ఆయనకి వీడియో కాల్ వచ్చింది. అవతల ఖాకీ డ్రెస్సు, వెనక గోడ మీద సింహాల గుర్తు. ‘మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, ఎవరికీ చెప్పకూడదు’ అన్నారు. ఆయన రెండు రోజులు ఆ ఫోను ముందే కూర్చున్నారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేయించి, వాళ్ళు చెప్పిన ‘వెరిఫికేషన్ ఖాతా’కి 11 లక్షలు పంపారు. నాలుగు రోజుల తర్వాత మీకు చెప్పారు. మీరు అడిగింది ఇది: రోజూ పేపరు చదివే మనిషి ఇదంతా ఎలా నమ్మారు, మతిమరుపు జబ్బు ఏమైనా మొదలైందా, నా కోపం ఎలా తగ్గించుకోవాలి?

ముందు డబ్బు సంగతి. ఇంకా ఫిర్యాదు చేసి ఉండకపోతే ఇది చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా నమోదు చేయండి, బ్యాంకుకి రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి పరుగెడుతూ ఉంటుంది. అది ఎక్కడైనా ఆగి ఉంటే అక్కడే కదలకుండా ఆపేయగలరు. మొదటి గంటల్లో అయితే అవకాశం ఎక్కువ. నాలుగు రోజులైంది కదా ఇంకేం లాభం అనుకోకండి.

జబ్బు సంగతి కూడా చెప్పేస్తాను. ఈ ఒక్క సంఘటన చూసి అలా అనుకోనక్కర్లేదు. వంట చేస్తూ స్టవ్ మర్చిపోవడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, అడిగిందే పదే పదే అడగడం లాంటివి అంతకుముందే గమనించి ఉంటే న్యూరాలజిస్టుకి చూపించండి. అవేవీ లేకపోతే, ఆయన బుర్ర బాగానే పనిచేస్తోంది.

నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీల్లో సైకాలజీ పాఠం చెప్పాను. ఇప్పుడు కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఈ మధ్య ఇలా మోసపోయినవాళ్ళు చాలామంది నా ముందు కూర్చుని ఏడ్చారు. వాళ్ళ పిల్లలు కూడా మీలాగే ‘ఎలా నమ్మారు’ అనే అడుగుతారు. మీరు రాసిన దాంట్లో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ‘మధ్యలో అనుమానం వచ్చిందట, అయినా లేవలేకపోయానన్నారు’ అని రాశారు. మీరు దాన్ని సాకు అనుకున్నారు. నా దృష్టిలో మీ మొత్తం ప్రశ్నకి జవాబు ఆ వాక్యంలోనే ఉంది. ఆయన పూర్తిగా నమ్మలేదు. నమ్మకపోయినా లేవలేకపోయారు. ఈ రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఉండగలవని సైకాలజీకి అరవై ఏళ్ళ నుంచి తెలుసు.

1961 ఆగస్టులో అమెరికాలోని న్యూహేవెన్‌లో, యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే యువ అధ్యాపకుడు ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యూదుల ఊచకోతకి ఏర్పాట్లు చేసిన ఐక్‌మన్ అనే నాజీ అధికారి విచారణ ఆ ఏడాది ఏప్రిల్‌లోనే జెరూసలేంలో మొదలైంది. పైవాళ్ళు చెప్పారు, చేశాను అన్నది అతని వాదన. మామూలు మనుషులు పైవాళ్ళు చెప్పారని ఎంతదూరం వెళ్తారో చూడాలని మిల్‌గ్రామ్ అనుకున్నాడు. జ్ఞాపకశక్తి మీద పరిశోధన, వచ్చినవాళ్ళకి 4 డాలర్లు, బస్సు ఖర్చుకి ఇంకో 50 సెంట్లు అని ప్రకటన ఇచ్చాడు. పోస్టాఫీసు గుమాస్తాలు, టీచర్లు, సేల్స్‌మెన్, ఇంజనీర్లు, కూలీలు వచ్చారు.

వచ్చిన మనిషిని టీచరు సీట్లో కూర్చోబెట్టేవాళ్ళు. పక్క గదిలో ఇంకొకతను, దాదాపు యాభై ఏళ్ళ అకౌంటెంటు, కుర్చీకి కట్టేసి ఉంటాడు. అతను తప్పు జవాబు చెప్పిన ప్రతిసారీ టీచరు ఒక స్విచ్ నొక్కి షాక్ ఇవ్వాలి. మిషన్ మీద 30 స్విచ్‌లు. మొదటిది 15 వోల్టులు, తర్వాత 15 చొప్పున పెరుగుతూ చివరిది 450. పై స్విచ్‌ల కింద ‘ప్రమాదం’ అని రాసి ఉంటుంది. నిజానికి షాక్ లేదు, అకౌంటెంటు మిల్‌గ్రామ్ మనిషే. కానీ టీచరుకి ఆ సంగతి తెలియదు. పక్కన బూడిదరంగు కోటు వేసుకున్న మనిషి నిలబడి ఉంటాడు. టీచరు తటపటాయిస్తే మామూలు గొంతుతో నాలుగు మాటలు వరసగా చెప్తాడు: దయచేసి కొనసాగించండి. ప్రయోగానికి ఇది అవసరం. మీరు కొనసాగించడం చాలా ముఖ్యం. మీకు వేరే దారి లేదు, కొనసాగించాల్సిందే. అంతే. అరుపు లేదు, తుపాకీ లేదు, ఇచ్చిన డబ్బు వెనక్కి తీసుకుంటామన్న బెదిరింపు కూడా లేదు.

ఎంతమంది చివరిదాకా వెళ్తారని మిల్‌గ్రామ్ ముందుగా 14 మంది సైకాలజీ విద్యార్థుల్ని అడిగాడు. నూటికి ముగ్గురికి మించి ఎవరూ చెప్పలేదు. చివరికి 40 మందిలో 26 మంది 450 దాకా నొక్కారు. 300 లోపు ఒక్కరు కూడా ఆగలేదు.

ఈ 26 అంకె అందరూ చెప్తారు. నేను మాత్రం క్లాసులో పిల్లలకి ఇంకో సంగతి ఎక్కువసేపు చెప్పేవాణ్ణి. ఆ నొక్కినవాళ్ళు రాయిలా కూర్చుని నొక్కలేదు. చెమటలు పట్టాయి, వణికారు, పెదాలు కొరుక్కున్నారు, గోళ్ళతో అరచేతులు గుచ్చుకున్నారు. 14 మందికి ఆపుకోలేని నవ్వు వచ్చింది, ఆనందంతో కాదు, టెన్షన్‌తో. నవ్వుతూ, హుందాగా లోపలికి వచ్చిన ఒక వ్యాపారి ఇరవై నిమిషాల్లో నత్తిగా మాట్లాడుతూ, చెవి తమ్మె లాక్కుంటూ, చేతులు పిసుక్కుంటూ కూర్చున్నాడని మిల్‌గ్రామ్ రాశాడు. ఒక దశలో పిడికిలితో నుదురు నొక్కుకుని ‘దేవుడా, ఇక ఆపేద్దాం’ అని గొణుక్కున్నాడట. అయినా కోటు మనిషి చెప్పిన ప్రతి మాటా విన్నాడు, చివరిదాకా చేశాడు.

మీ నాన్నగారిని ఈ వ్యాపారి పక్కన కూర్చోబెట్టి చూడండి. ఇది తప్పు అని అతని ఒళ్ళంతా చెప్తోంది. నోరు కూడా చెప్తోంది. చెయ్యి మాత్రం స్విచ్ మీదే ఉంది. అనుమానం వస్తే మనిషి లేచిపోతాడని మనం అనుకుంటాం. అనుమానానికీ లేవడానికీ మధ్య చాలా దూరం ఉంది. లేవాలంటే ఎదుటివాడి ముఖం మీద ‘నువ్వు పోలీసువి కావు, దొంగవి’ అనాలి. ఒకవేళ నిజంగా పోలీసే అయితే? ఆ ‘ఒకవేళ’ నూటికి పది పాళ్ళే ఉన్నా, తొంభై పాళ్ళ అనుమానాన్ని కూర్చోబెట్టేస్తుంది.

ఇక 15 వోల్టుల సంగతి. మిల్‌గ్రామ్ మొదటి స్విచ్‌లోనే 450 పెట్టి ఉంటే ఎంతమంది నొక్కేవారు? చాలా తక్కువమంది అని నా నమ్మకం. 15 నొక్కినవాడికి 30 నొక్కకపోవడానికి కారణం కనిపించదు, 150 నొక్కినవాడికి 165 నొక్కకపోవడానికీ కనిపించదు. మధ్యలో ఎక్కడ ఆపినా, మరి ఇంతకుముందు నొక్కినవాటి మాటేమిటి అన్న ప్రశ్న మీద పడుతుంది. ఆపడమంటే ఇప్పటిదాకా చేసింది తప్పని ఒప్పుకోవడమే.

నా దగ్గరికి వచ్చిన ఒక డాక్టరమ్మ చెప్పిన మాట నేను మర్చిపోలేను. కాల్ మొదలైన గంటకి ఆవిడ ‘సార్, బాత్రూమ్‌కి వెళ్ళిరావచ్చా’ అని అడిగిందట. తన ఇంట్లో, తన బాత్రూమ్‌కి. అవతలివాడు రెండు నిమిషాలు టైమిచ్చాడు. ‘ఆ పర్మిషన్ అడిగాక ఇక నేను దేన్నీ కాదనలేకపోయాను సార్’ అంది. మీ నాన్నగారిని కూడా ఎప్పుడైనా నెమ్మదిగా అడిగి చూడండి. మొదట డబ్బు అడిగి ఉండరు. మొదట పేరు సరిచూసుకోమని ఉంటారు. తర్వాత తలుపు వేసుకోమని, తర్వాత ఫోను నిలబెట్టమని, తర్వాత ఖాతాలు ఎన్ని ఉన్నాయో చెప్పమని. డబ్బు మాట వచ్చేసరికి ఆయన అప్పటికే ఇరవై సార్లు ‘సరే సార్’ అని ఉంటారు.

దీని మీద 1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో చేసిన ప్రయోగం ఉంది. ఇంటి ముందు ‘జాగ్రత్తగా నడపండి’ అనే పెద్ద, వికారమైన బోర్డు పాతుకోనిస్తారా అని అడిగితే వందకి 17 మంది ఒప్పుకున్నారు. రెండు వారాల ముందు అదే విషయం మీద కిటికీకి చిన్న స్టిక్కరులాంటిది పెట్టుకోవడానికి ఒప్పుకున్నవాళ్ళని అడిగితే 76 మంది ఒప్పుకున్నారు. చిన్నదానికి సరే అన్న మనిషి, తనని తాను ఇలాంటివాటికి సహకరించే మనిషిగా చూసుకోవడం మొదలుపెడతాడు.

సైకాలజీలో వీటికి వేరువేరు పేర్లున్నాయి. నలుగురు చేస్తున్నారని మనమూ చేయడం ఒకటి. అడిగినవాణ్ణి కాదనలేక ఒప్పుకోవడం ఒకటి. పైవాడు ఆజ్ఞాపిస్తే లోబడడం ఒకటి. పుస్తకాల్లో మూడు వేరు అధ్యాయాలు. ఈ మోసగాళ్ళు మాత్రం మూడింటినీ ఒకే కాల్‌లో వాడుతున్నారు. ఒకడు గద్దిస్తాడు, ఇంకొకడు ‘మీరు పెద్దవారు, నేను సాయం చేస్తాను’ అంటాడు, వెనకాల నలుగురు ఫైళ్ళు పట్టుకుని ఇదంతా మామూలే అన్నట్టు తిరుగుతుంటారు.

గద్దించడం గురించి ఒక మాట. భయపెట్టి చేయించారు అని మీరు రాశారు. భయం ఉంది, కాదనను. కానీ భయం ఒక్కటే అయితే ఇంత బాగా పనిచేయదు. జెర్రీ బర్గర్ అనే ఆయన మిల్‌గ్రామ్ ప్రయోగాన్ని జాగ్రత్తగా, 150 వోల్టుల దగ్గరే ఆపేసేలా మళ్ళీ చేసి 2009లో ప్రచురించాడు. వందకి 70 మంది 150 దాటడానికి సిద్ధపడ్డారు. అంటే దాదాపు యాభై ఏళ్ళు గడిచినా పెద్దగా మారలేదు. అందులో నన్ను ఆపేసింది ఏమిటంటే, ‘మీకు వేరే దారి లేదు’ అన్న ఆ నాలుగో మాట దాకా వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా కొనసాగించలేదు. పచ్చి ఆజ్ఞకి మనిషి ఎదురు తిరుగుతాడు. ‘ప్రయోగానికి ఇది అవసరం’ అంటే మాత్రం చేస్తాడు. తను ఏదో మంచి పనికి తోడ్పడుతున్నానన్న భావం అతన్ని కూర్చోబెడుతుంది. హాస్లమ్, రైకర్ అనే పరిశోధకులు చాలాకాలంగా చెప్తున్నది ఇదే, నాకూ ఇదే సరైనదనిపిస్తుంది.

మీ నాన్నగారితో వాళ్ళు ఏమని ఉంటారు? ‘సార్, మీరు తప్పు చేయలేదని మాకు తెలుసు. మీ పేరు క్లియర్ చేయడానికే ఇదంతా. సహకరించండి.’ ఆయన జీవితమంతా నిప్పులా బతికిన మనిషి. నా పేరు మీద మచ్చ ఉందంటే తుడిపించుకోవాలి, చట్టానికి సహకరించాలి అనుకున్నారు. దొంగ అయితే ఆ ఫోను పెట్టేసి వకీలుకి ఫోన్ చేసేవాడు. తప్పు చేయనివాడు నిరూపించుకోవడానికి కూర్చుంటాడు. మీ నాన్నగారి నిజాయితీనే వాళ్ళు పట్టుకొమ్మగా వాడుకున్నారు. దయచేసి ఈ మాట ఆయనకి చెప్పండి.

ఇప్పుడు కెమెరా. ఇది చదువుతున్న పిల్లలందరూ గుర్తుంచుకోవాల్సిన భాగం ఇదే. మిల్‌గ్రామ్ ఆ ప్రయోగాన్ని రకరకాలుగా మార్చి చేశాడు. ఒకసారి కోటు మనిషి మొదట సూచనలిచ్చి గది వదిలి వెళ్ళిపోయి ఫోనులో ఆజ్ఞలిచ్చాడు. అంతే, చివరిదాకా వెళ్ళినవాళ్ళు ఐదింట ఒక వంతుకి పడిపోయారు. కొంతమందైతే ఫోనులో ‘పెంచుతున్నాను సార్’ అని చెప్తూ చిన్న స్విచ్‌నే నొక్కారు. అధికారి చూపు తప్పితే మనిషికి ఊపిరి ఆడుతుంది. డిజిటల్ అరెస్టు మోసగాళ్ళు సైకాలజీ చదివారో లేదో కానీ, కెమెరా ఆఫ్ చేయకూడదు, రాత్రి నిద్రపోతున్నా ఫోను ఆన్‌లోనే ఉండాలి అని ఎందుకంటారో ఇప్పుడు చూడండి. ఎక్కడో వందల మైళ్ళ దూరంలో ఉన్నవాడు మీ నాన్నగారి గదిలో, మంచం పక్కన నిలబడ్డాడు. పడక్కుర్చీలో కూర్చున్నా ఆయన నిలబడి సమాధానం చెప్తున్నట్టే.

మరి ఉత్త ఫోను మీద ఎవరూ లొంగరా అంటే, లొంగుతారు. అవతలి హోదా గట్టిదై, ఇవతలి మనిషి ఆ హోదాకి లోబడడమే పనిగా బతుకుతున్నప్పుడు. 1966లో హోఫ్లింగ్ అనే సైకియాట్రిస్టు బృందం అమెరికా ఆసుపత్రుల్లో చేసిన ప్రయోగంలో, ముక్కూమొహం తెలియని ‘డాక్టరు’ రాత్రిపూట వార్డుకి ఫోన్ చేసి ఒక రోగికి, నర్సులు అంతకుముందు ఎరగని ఒక మందు 20 మిల్లీగ్రాములు ఇవ్వమన్నాడు. సీసా మీద రోజుకి 10 మించకూడదని రాసి ఉంది. ఫోను మీద మందు రాయించుకోకూడదన్నది ఆసుపత్రి నియమం. అయినా 22 మంది నర్సుల్లో 21 మంది మందు తీసుకుని రోగి దగ్గరికి బయల్దేరారు. దారిలోనే ఆపి చెప్పారు, మందు కూడా హానిలేనిదే. అదే పరిస్థితిని కాగితం మీద రాసి మీరేం చేస్తారని వేరే 12 మంది నర్సుల్ని అడిగితే, 10 మంది ఇవ్వం అన్నారు.

మీరు, నేను, పేపరులో వార్త చదివి ‘మేమైతే ఫోను పెట్టేసేవాళ్ళం’ అనేవాళ్ళందరం ఆ 10 మందిలో ఉన్నాం.

1977లో ర్యాంక్, జేకబ్‌సన్ అనే ఇద్దరు అదే ప్రయోగాన్ని కొద్దిగా మార్చి చేశారు. మందు నర్సులకి బాగా తెలిసిన వేలియం. పైగా పక్కవాళ్ళతో మాట్లాడుకునే వీలుంది. ఈసారి 18 మందిలో ఇద్దరే ఇవ్వబోయారు. అప్పుడూ నర్సులే, ఇప్పుడూ నర్సులే, ఆజ్ఞ వచ్చిందీ ఫోనులోనే. తెలిసిన సంగతి కావడం, పక్కన అడగడానికి ఒక మనిషి ఉండడం, ముఖ్యమైన తేడా ఈ రెండూ.

పక్కన ఒక మనిషి. నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన ప్రయోగాలన్నీ తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చి చేరాయి. 1950ల్లో సోలమన్ ఆష్ కార్డుల మీద గీతలు గీసి ఏది దేనికి సమానమో చెప్పమన్నాడు. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగిన ప్రశ్న. ముందు కూర్చున్నవాళ్ళంతా ఆయన మనుషులు, కావాలనే తప్పు చెప్తారు. చివర్లో అసలు విద్యార్థి వంతు. మూడోవంతుకి పైగా జవాబులు గుంపుతో పాటు తప్పాయి. నాలుగింట మూడు వంతుల మంది కనీసం ఒక్కసారైనా తలొగ్గారు. మన వాళ్ళు ‘గుంపులో గోవిందా’ అంటారే, అది ప్రయోగశాలలో లెక్క కట్టినట్టు. గుంపులో ఒకే ఒక్కడితో నిజం చెప్పించినప్పుడు ఆ తప్పులు నాలుగోవంతుకి పడిపోయాయి. మిల్‌గ్రామ్ దగ్గరా అంతే. టీచరుతో పాటు ఇంకో ఇద్దరు కూర్చుని, వాళ్ళు మధ్యలో లేచి ‘మేం చేయం’ అన్నప్పుడు 40 మందిలో నలుగురే చివరిదాకా వెళ్ళారు.

ఒక ఏడాది నేను మొదటి సంవత్సరం క్లాసుకి ఒక స్నేహితుణ్ణి పంపాను. మెడలో ఐడీ కార్డు, చేతిలో ఫైలు. తనెవరో చెప్పకుండా అందరి ఇంటి అడ్రసు, తండ్రి జీతం కాగితం మీద రాసివ్వమన్నాడు. ఒక సెక్షన్‌లో ఒక్కరూ నోరెత్తలేదు, అందరూ రాసిచ్చారు. రెండో సెక్షన్‌లో వెనక బెంచీ అమ్మాయి ‘ఎందుకు సార్?’ అంది. ఆ ఒక్క మాటకి చుట్టుపక్కల పెన్నులు ఆగిపోయాయి. తర్వాత పిల్లల ముందే ఆ కాగితాలు చించేసి విషయం చెప్పాను. ఆ అమ్మాయికి ధైర్యం ఎక్కువని మిగతావాళ్ళు అన్నారు. నాకు అలా అనిపించలేదు, వాళ్ళందరిలోనూ ఆ ప్రశ్న ఉంది, బయటికి ఒకరు అనాల్సి వచ్చింది.

అందుకే ఈ కాల్‌లో మొదటి షరతు ‘ఎవరికీ చెప్పకూడదు’. జాతీయ భద్రత, రహస్య విచారణ, చెప్తే మీ పిల్లల పేర్లు కూడా కేసులోకి వస్తాయి. అందులో ఆ చివరి మాట మీ నాన్నగారి మీద ఎంత పనిచేసి ఉంటుందో ఊహించండి. ఆయన మీకు ఫోన్ చేయకపోవడం మీ మీద నమ్మకం లేక కాదు, మిమ్మల్ని కాపాడుతున్నాననుకుని.

2004 ఏప్రిల్‌లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, మౌంట్ వాషింగ్టన్ అనే చిన్న ఊళ్ళో ఒక ఫాస్ట్‌ఫుడ్ షాపుకి ఫోన్ వచ్చింది. అవతలివాడు పోలీసునని చెప్పి, మీ దగ్గర పనిచేసే అమ్మాయి ఒకరి పర్సు దొంగిలించింది, లోపల గదిలో పెట్టి సోదా చేయండి అన్నాడు. అసిస్టెంట్ మేనేజర్ చేసింది. గంటల తరబడి, ఫోనులో గొంతు చెప్పినట్టల్లా ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లని దారుణంగా అవమానించారు. చివరికి ఆ గొంతు చెప్పిందని అక్కడ మరమ్మతులు చేసే ఒక పెద్దాయన్ని కూడా గదిలోకి పిలిచారు. ఆయన ‘ఇది నేను చేయను, ఇక్కడేదో తప్పు జరుగుతోంది’ అన్నాడు. అప్పుడు మేనేజరుకి మెలకువ వచ్చి పైవాళ్ళకి ఫోన్ చేసింది. బయటినుంచి వచ్చిన, మొదటి మెట్టు ఎక్కని ఒక్క మనిషి చాలాడు.

ఇది చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ‘మనవాళ్ళది బానిస మనస్తత్వం, ఖాకీ చూస్తే వణుకుతారు’ అని ఇలాంటి వార్తల కింద చాలామంది రాస్తున్నారు. నాకది బాధ కలిగిస్తుంది. న్యూహేవెన్‌లో నొక్కినవాళ్ళు మనవాళ్ళు కాదు, కెంటకీలో సోదా చేసినవాళ్ళూ కాదు. 2024లో లూథియానాలో వర్ధమాన్ గ్రూపు అధినేత ఎస్.పి. ఓస్వాల్ ఇలాంటి కాల్‌లోనే 7 కోట్లు పోగొట్టుకున్నారు. ఆయనకి ఏకంగా నకిలీ సుప్రీంకోర్టునే చూపించారు. వేలమందికి ఆజ్ఞలిచ్చిన మనిషి ఆయన.

మన దగ్గర ప్రత్యేకంగా ఉన్నది వేరొకటి. ‘నా జన్మలో పోలీస్ స్టేషన్ గడప తొక్కలేదు’ అని గర్వంగా చెప్పుకునే తరం మీ నాన్నగారిది. మంచి మాటే. కానీ గడప తొక్కనివాడికి లోపల ఏం జరుగుతుందో తెలియదు. నర్సులకి తెలియని మందు పేరు లాంటిదే ఇది. అరెస్టు అంటే ఏమిటో తెలిసి ఉంటే ‘డిజిటల్ అరెస్టు’ అన్న మాటే తేడాగా వినిపించేది. డి.కె. బసు కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది: అరెస్టు చేసే పోలీసుకి పేరు కనిపించే బ్యాడ్జి ఉండాలి, అరెస్టు మెమో రాయాలి, దాని మీద కుటుంబసభ్యుడో ఆ ప్రాంతపు పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి, బంధువుకో స్నేహితుడికో తెలియజేయాలి. 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగంలో 22వ అధికరణం చెప్తుంది. విచారణకి రమ్మనే నోటీసు కూడా వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చూశారా, అసలు చట్టం ‘ఇంట్లోవాళ్ళకి చెప్పు’ అంటుంది, దొంగ చట్టం ‘ఎవరికీ చెప్పకు’ అంటుంది.

మిల్‌గ్రామ్ మీద విమర్శలు లేవని కాదు. జీనా పెర్రీ అనే రచయిత్రి ఆ ప్రయోగాల పాత టేపులు విని, కోటు మనిషి చాలాసార్లు ఆ నాలుగు మాటలు దాటి ఒత్తిడి చేశాడని, షాక్ నిజం కాదేమోనని అనుమానించినవాళ్ళు కూడా ఉన్నారని చూపించింది. జనాన్ని అంత క్షోభ పెట్టడం తప్పన్నదీ న్యాయమైన మాటే. ఆ 26 అంకెని నేను రాతిమీద గీతగా చూడను. ఏ మార్పుకి విధేయత పెరిగింది, దేనికి పడిపోయింది అన్నదే నాకు ముఖ్యం.

ఇక మీ ఇంట్లో ఏం చేయాలో. ‘అనుమానమొస్తే ఫోను పెట్టేయండి నాన్నా’ అని చెప్పి ఊరుకోకండి. అనుమానం ఆయనకి వచ్చింది కదా, అది సరిపోలేదు. ఆయనకి నోటికి ఒక వాక్యం కావాలి, ఎవరినీ దొంగ అననక్కర్లేని వాక్యం. ‘మా అమ్మాయితో మాట్లాడి మీకు చెప్తాను’ అన్నది చాలు. అది ఎదురు చెప్పడం కాదు, మర్యాద తప్పడం కాదు, నిజం పోలీసు అయినా ఏమీ అనలేడు. దాన్ని ఆయన చేత పైకి అనిపించండి, నాలుగైదుసార్లు. మీరే ఫోన్ చేసి అధికారిలా గద్దించి మాట్లాడండి, ఆయన ఆ మాట అని పెట్టేయాలి. మొదట సిగ్గుపడతారు. నా దగ్గరికి వచ్చినవాళ్ళూ సిగ్గుపడ్డారు, మూడోసారికి గొంతు నిలబడింది. అది మొదటి పది నిమిషాల్లోనే అనాలని చెప్పండి, తలుపు వేసుకోకముందే. బ్యాంకులో ఖాతాకి మీ నంబరు కూడా ఇచ్చి, పెద్ద మొత్తం కదిలితే మీకు కబురు వచ్చే వీలుందేమో మేనేజర్ని అడగండి. రోజూ సాయంత్రం ఒక టైముకి మీరు మాట్లాడే అలవాటు పెట్టుకోండి. ఆ టైముకి ఆయన ఎత్తకపోతే వెంటనే వెళ్ళి తలుపు కొట్టే పక్కింటివాళ్ళు ఎవరో ముందే అనుకోండి.

మీ కోపం గురించి అడిగారు. కోపం రావడం తప్పు కాదు, అది ఆయన కష్టార్జితం. కానీ ‘ఎలా నమ్మావు నాన్నా’ అని ఇంకోసారి అడగకండి. దానికి ఆయన దగ్గర జవాబు లేదు, ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ తను మూర్ఖుడినన్న జవాబే దొరుకుతుంది. నాలుగు రోజులు మీకు చెప్పకపోవడానికి కారణం కూడా ఆ సిగ్గే. బదులుగా ‘ఏ క్షణంలో మొదటిసారి అనుమానం వచ్చింది?’ అని అడగండి. తన బుర్ర పనిచేసిన క్షణం ఒకటి ఉందని ఆయనకి గుర్తొస్తుంది. అక్కడినుంచి ఆయన మాట్లాడతారు. తిండి మానేసినా, రాత్రుళ్ళు నిద్రలేకపోయినా, ‘నేను ఉండి ఏం లాభం’ లాంటి మాట వచ్చినా మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అప్పటివరకు ఒంటరిగా వదలకండి.

స్టేషన్‌కి వెళ్ళేటప్పుడు మీరు వెంట ఉండండి. అసలు పోలీసుని చూడగానే ఆయనకి మళ్ళీ ఆ గొంతే వినిపించవచ్చు, చెయ్యి వణకవచ్చు. ఫిర్యాదు మీరు గబగబా రాసేయకండి. ఆయన ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళు రాసిన మనిషి. పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి, తేదీలు, నంబర్లు అందించండి, రాయడం ఆయన్నే రాయనివ్వండి.